ఒక్క ఖాళీ.. సైటంతా ఖాళీ!

వెబ్‌సైట్లు కట్టే కుర్రవాళ్ల చేతిలో చిన్న చిన్న ఆజ్ఞలు
తెలిసి వాడితే వరం, తొందరపడితే తీరని నష్టం

దసరాకు ఇంకా రెండు రోజులే వుంది. మంగళగిరి చీరలు అమ్మే ఓ చిన్న దుకాణం. గల్లాపెట్టె దగ్గర కూర్చున్న యజమానికి వీధిలోంచి వచ్చే బేరం ఎంత ముఖ్యమో, సెల్‌ఫోనులోంచి వచ్చే బేరం కూడా ఇప్పుడు అంతే ముఖ్యం. రాత్రి తొమ్మిది దాటాక హఠాత్తుగా ఆ దుకాణం వెబ్‌సైటు తెరుచుకోవడం మానేసింది. యజమాని ఫోను చేసేది ఆ సైటు కట్టిన కుర్రవాడికే.

"చీరలు కనపడటం లేదంటున్నారు బాబూ. పండగ బేరం పోతోంది, కాస్త చూడు నాయనా" అంటాడాయన.

"పది నిమిషాలు ఆగండి బాబాయిగారూ" అంటాడు కుర్రవాడు.

ఇది ఏదో ఒక్క దుకాణం కథ కాదు. జిల్లాలో ఏ పట్టణంలోనైనా ఏ రాత్రయినా జరగగలిగేదే. ఆ పది నిమిషాల్లో కుర్రవాడు చేసే పనిలో బొమ్మలుండవు, రంగులుండవు. నల్లటి తెర, దాని మీద మిణుకుమనే గీత, దాని పక్కన నాలుగైదు అక్షరాల మాటలు. అంతే. ఆ మాటలు సరిగ్గా తెలిసినవాడు సైటును నిలబెడతాడు. తెలియక తొందరపడినవాడు వున్నది కాస్తా వూడ్చిపెడతాడు.

ఇంట్లో పోపులపెట్టె వున్నట్టే ఈ వృత్తిలో వున్నవారి దగ్గర ఇలాంటి చిన్న ఆజ్ఞల పెట్టె ఒకటి వుంటుంది. అందులో ముఖ్యమైనవాటిని, వాటి వెనకనున్న కథలను ఇక్కడ ఇస్తున్నాం. ఆజ్ఞలన్నీ టైపు చేయవలసింది ఇంగ్లీషు చిన్నక్షరాల్లోనే. చదువుకోవడానికి వీలుగా తెలుగులో రాస్తున్నాం. 'అడ్డగీత' అన్నచోట మైనస్ గుర్తు, 'నిలువుగీత' అన్నచోట పైపు గుర్తు అని గ్రహించాలి.

యాభై ఏళ్ల నాటి పనిముట్లు

ఈ నల్లతెర మాటలు నిన్నమొన్నటివి కావు. అమెరికాలోని బెల్ లేబొరేటరీస్‌లో 1969లో కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీ యూనిక్స్‌కు పునాది వేశారు. ఒక ఆజ్ఞ ఇచ్చిన ఫలితాన్ని నేరుగా ఇంకో ఆజ్ఞకు అందించాలన్న ఆలోచన వారి సహోద్యోగి డగ్ మెకిల్‌రాయ్‌ది. 1973లో థాంప్సన్ దాన్ని అమలులో పెట్టాడు. అదే నిలువుగీత. కాలువలో నీరు ఒక మడి నుంచి ఇంకో మడికి పారినట్టు సమాచారం ఒక ఆజ్ఞలోంచి ఇంకో ఆజ్ఞలోకి పారుతుంది.

పెద్ద ఫైల్లో మాటను వెదికే 'గ్రెప్' కూడా ఆ రోజుల్లోనే థాంప్సన్ చేతి మీదుగా వచ్చింది. నేటికీ ప్రపంచంలోని వెబ్‌సైట్లలో అధికభాగం నడిచేది యూనిక్స్ బాణీలో వున్న యంత్రాల మీదే. అందుకే తాతల నాటి పనిముట్లు మనవల చేతుల్లో కూడా పదునుగానే వున్నాయి.

ముందు నాడి చూడాలి

సైటు రావడం లేదనగానే యంత్రాన్ని ఆపి మళ్లీ మొదలుపెట్టడం చాలామందికి అలవాటు. అది నాడి చూడకుండా మందివ్వడమే.

మొదట వాడవలసింది 'కర్ల్'. స్వీడన్‌కు చెందిన డేనియల్ స్టెన్‌బర్గ్ 1998లో ఈ పేరుతో విడుదల చేశాడు. కర్ల్ అని టైపు చేసి, అడ్డగీత పెట్టి, పెద్ద అక్షరం 'ఐ' వేసి, సైటు చిరునామా ఇస్తే చాలు. పేజీ అంతా రాదు. దాని తలకట్టు మాత్రమే వస్తుంది. అందులో మొదటి వరుసలోనే ఒక అంకె వుంటుంది. 200 అంటే క్షేమం. 301 అంటే ఇల్లు మారారు. 404 అంటే ఆ గది లేదు. 500 అంటే లోపల ప్రోగ్రాము తప్పింది. 502 అంటే గుమ్మం దగ్గర మనిషి వున్నాడు గానీ, లోపలివాళ్లనుంచి సరైన జవాబు రావడం లేదు. ఈ ఒక్క అంకెతో వెదకవలసిన చోటు సగానికి సగం తగ్గిపోతుంది.

అదే కర్ల్‌కు అడ్డగీత, చిన్న అక్షరం 'వి' ఇస్తే, సైటు భద్రతా సర్టిఫికెట్ గడువు ఏ రోజుతో తీరుతుందో కూడా చెబుతుంది. గడువు దాటితే బ్రౌజరు హెచ్చరిక చూపుతుంది. కొనడానికి వచ్చినవాడు బెదిరి వెనక్కు పోతాడు. సర్టిఫికెట్ తనంతట తాను కొత్తదవుతుందిలే అని ధీమాగా వుండకుండా నెలకోసారి ఈ తేదీ చూసుకోవడం మేలు.

డిస్కు నిండితే..

సైట్లు ఆగిపోవడానికి తరచూ కనిపించే కారణం చాలా చిన్నది. డిస్కు నిండిపోవడం. 'డీఎఫ్', అడ్డగీత, 'హెచ్' అని కొడితే ఎంత నిండిందో శాతాల్లో కనిపిస్తుంది. 100 శాతం అని వుంటే దొంగ దొరికినట్టే.

ఏ ఫోల్డరు మింగిందో చెప్పేది 'డీయూ'. డీయూ, అడ్డగీత, 'ఎస్‌హెచ్', నక్షత్రం గుర్తు. దాని తర్వాత నిలువుగీత, 'సార్ట్', అడ్డగీత, 'హెచ్'. అప్పుడు ఫోల్డర్లన్నీ చిన్న నుంచి పెద్దకు వరుసగా నిలబడతాయి. ఎక్కువసార్లు దొరికేది లాగ్ ఫైలు. అంటే వచ్చేపోయేవారి లెక్కంతా రాసుకునే చిట్టా.

ఇక్కడే చాలామంది ఒక పొరపాటు చేస్తారు. ఆ ఫైలును చెరిపేస్తారు. అయినా డిస్కులో జాగా పెరగదు. ఎందుకంటే ప్రోగ్రాము ఇంకా ఆ ఫైలును పట్టుకునే వుంటుంది. అది వదిలేదాకా జాగా తిరిగి రాదు. ఫైలును చెరపకుండా 'ట్రంకేట్' ఆజ్ఞతో దాని పరిమాణాన్ని సున్నా చేస్తే జాగా అప్పటికప్పుడే వస్తుంది. చిట్టాను రోజూ మడిచి దాచే 'లాగ్‌రొటేట్'ను ముందే పెట్టుకుంటే అసలు ఈ ఇబ్బందే రాదు.

ఒక్క వరుసలో అయిదు పనులు

డిస్కు నిండలేదు, అయినా సైటు నీరసంగా వుంది. అప్పుడు ఎవరు తొక్కిసలాట చేస్తున్నారో చూడాలి. చిట్టాలో ప్రతి వరుసకు మొదటి మాట మామూలుగా వచ్చినవారి చిరునామా. 'ఆక్' ఆ మొదటి మాటను మాత్రం ఏరుతుంది. 'సార్ట్' వాటిని వరుసలో పేరుస్తుంది. 'యూనిక్', అడ్డగీత, 'సి' ఒక్కొక్కటి ఎన్నిసార్లు వచ్చిందో లెక్క వేస్తుంది. ఇంకో 'సార్ట్', అడ్డగీత, 'ఎన్‌ఆర్' ఎక్కువవాటిని పైకి తెస్తుంది. 'హెడ్' పై పదింటినీ చూపిస్తుంది. అయిదింటి మధ్యా నాలుగు నిలువుగీతలు.

మధ్యలో మొదటి సార్ట్ ఎందుకని అడగవచ్చు. యూనిక్ పక్కపక్కనున్న వరుసలనే పోల్చి చూస్తుంది. కలగాపులగంగా వున్న చిట్టాను నేరుగా దానికి ఇస్తే లెక్క తప్పుతుంది. చిల్లర లెక్కపెట్టేముందు రూపాయిలను, అయిదు రూపాయలను విడివిడిగా పేర్చుకోవడం లాంటిదే ఇది.

ఇక అప్పుడే ఏం జరుగుతోందో కళ్లతో చూడాలంటే 'టెయిల్', అడ్డగీత, 'ఎఫ్'. చిట్టాలో కొత్త వరుస పడగానే తెర మీద కనిపిస్తుంది. కొనేవాడు ఎక్కడ తడబడుతున్నాడో ఇక్కడే తెలుస్తుంది.

కొంప ముంచే రెండక్షరాలు

ఇంతవరకూ చెప్పినవి చాలావరకు చూసే ఆజ్ఞలు. వీటితో ప్రమాదం లేదు. చెరిపే ఆజ్ఞ వేరు. దాని పేరు 'ఆర్‌ఎం'. దానికి అడ్డగీత, 'ఆర్‌ఎఫ్' తగిలిస్తే లోపలున్నదంతా, ఏమీ అడగకుండా చెరుపుతుంది. దీనికి చెత్తబుట్ట లేదు. పోయింది పోయినట్టే.

2011లో బంబుల్‌బీ అనే ఉచిత ప్రోగ్రాములో జరిగిన సంగతి ఈ వృత్తిలో వున్నవారందరూ తెలుసుకోవలసినది. 'యూఎస్ఆర్' అనే ప్రధాన ఫోల్డరు లోపలెక్కడో వున్న చిన్న ముక్కను చెరపమని అందులో ఒక వరుస రాశారు. యూఎస్ఆర్ అన్న మాట తర్వాత పొరపాటున ఒక్క ఖాళీ పడింది. యంత్రానికి అది రెండు వేర్వేరు చోట్లుగా కనిపించింది. చిన్న ముక్క సంగతి అటుంచి యూఎస్ఆర్ ఫోల్డరు మొత్తాన్ని చెరపడం మొదలుపెట్టింది. ఆ కూర్పును ఎక్కించుకున్నవారి యంత్రాలు మూలపడ్డాయి. ఒక్క ఖాళీ చేసిన పని అది.

దీనికి విరుగుడు పెద్దదేమీ కాదు. ఆర్‌ఎం కొట్టే ముందు అదే దారితో 'ఎల్‌ఎస్' కొట్టాలి. చెరిపిపోయేవి ఏవో తెర మీద కనిపిస్తాయి. అవే అని ఖాయపరచుకున్నాక పైబాణం నొక్కి, ఎల్‌ఎస్ తీసి ఆర్‌ఎం పెట్టాలి. ఇంకా మేలు ఏమిటంటే, చెరపకుండా 'ఎంవీ'తో ఓ పక్క ఫోల్డరులోకి జరిపి, వారం తర్వాత చెరపడం. డేటాబేసులోనూ ఇదే పద్ధతి. 'డిలీట్' కొట్టే ముందు అదే షరతుతో 'సెలెక్ట్' కొట్టి ఎన్ని వరుసలు వస్తాయో చూడాలి. 'వేర్' అన్న షరతు మరిచిపోతే పట్టిక మొత్తం ఖాళీ అవుతుంది.

తప్పు యంత్రం మీద కూర్చుంటే..

2017 జనవరి 31న గిట్‌ల్యాబ్ అనే పెద్ద సంస్థలో జరిగినది ఇంకా పెద్ద పాఠం. అర్ధరాత్రి వేళ, అలసిపోయిన ఇంజనీరు ఒకరు నకలు డేటాబేసున్న యంత్రంలో ఫోల్డరును చెరపబోయి, అసలు డేటాబేసున్న యంత్రంలో చెరిపారు. తప్పు తెలిసి ఆపేసరికి దాదాపు 300 జీబీ పోయి, నాలుగున్నర జీబీ మిగిలింది.

అంతకంటే విచారకరమైనది తర్వాత బయటపడింది. రోజూ తీస్తున్నామనుకున్న బ్యాకప్పులు అసలు తీయబడటం లేదు. అవి విఫలమవుతున్నట్టు పంపిన హెచ్చరిక ఉత్తరాలు కూడా ఎవరికీ చేరలేదు. చివరకు ఆదుకున్నది దాదాపు ఆరు గంటల ముందు అదే ఇంజనీరు వేరే పని కోసం తీసిపెట్టుకున్న నకలు. ఆ ఆరు గంటల సమాచారం మాత్రం శాశ్వతంగా పోయింది. ఆ సంస్థ జరిగినదాన్ని దాచిపెట్టలేదు. మరమ్మతు పనిని యూట్యూబులో అందరికీ చూపిస్తూ చేసింది. తప్పు చేసిన వ్యక్తిని కాక పద్ధతిని సరిచేసుకుంది. అది మెచ్చుకోదగిన సంగతి.

1998లో 'టాయ్ స్టోరీ 2' సినిమా తీస్తున్నప్పుడు పిక్సార్ సంస్థలోనూ ఇలాంటిదే జరిగింది. ఎవరో కొట్టిన చెరిపే ఆజ్ఞతో బొమ్మల ఫైళ్లలో చాలా భాగం మాయమైంది. బ్యాకప్ పనిచేయలేదు. గేలిన్ సస్మన్ అనే సాంకేతిక పర్యవేక్షకురాలు అప్పట్లో బాలింత. ఇంటి నుంచి పనిచేయడానికి సినిమా నకలును ఇంటి కంప్యూటరులో వుంచుకున్నారు. ఆ కంప్యూటరును దుప్పట్లలో చుట్టి కారులో జాగ్రత్తగా స్టూడియోకు తెచ్చి సినిమాను దక్కించుకున్నారు.

రెండింటిలోనూ ఆదుకున్నది అదృష్టమే. అదృష్టాన్ని నమ్ముకుని వ్యాపారం చేయలేం కదా! అసలు యంత్రం తెర పేరును ఎర్రరంగులో, పరీక్షల యంత్రం పేరును ఆకుపచ్చలో కనిపించేలా పెట్టుకోవాలి. చెరిపే ముందు 'హోస్ట్‌నేమ్' కొట్టి ఏ యంత్రం మీద వున్నామో చూసుకోవాలి. నెలకోసారి బ్యాకప్పును వేరే యంత్రంలో విప్పి, అది నిజంగా తెరుచుకుంటోందా లేదా పరీక్షించాలి. విప్పి చూడని బ్యాకప్పు, విప్పి చూడని ధాన్యం మూట రెండూ ఒకటే. లోపల ఏముందో చెప్పలేం.

మారిస్తే మళ్లీ వెనక్కు

కొత్త ఫైళ్లను సైటుకు పంపడానికి 'ఆర్‌సింక్' మంచి ఆజ్ఞ. మారిన భాగాలను మాత్రమే పంపుతుంది. దానికి అడ్డగీత, 'ఎన్' తగిలిస్తే ఏమీ పంపకుండా ఏం పంపబోతుందో చెబుతుంది. సినిమాకు రిహార్సల్ లాంటిది. ఫోల్డరు పేరు చివర ఏటవాలు గీత వుంటే లోపలి సరుకు మాత్రమే వెళుతుంది. లేకపోతే ఫోల్డరుతో సహా వెళుతుంది. ఈ తేడా తెలియక సైటును తప్పుచోట దింపినవారు ఎందరో.

ఎన్‌జింక్స్ అమరిక మార్చినప్పుడు 'ఎన్‌జింక్స్', అడ్డగీత, 'టి' కొడితే తప్పు ఏ వరుసలో వుందో ముందే చెబుతుంది. ఆ తర్వాతే కొత్త అమరికను ఎక్కించాలి.

రాసిన కోడును దాచుకునే 'గిట్'ను లినస్ టోర్వాల్డ్స్ 2005లో రూపొందించాడు. అందులో పని పోయిందని గాభరాపడేవారికి 'గిట్ రీఫ్లాగ్' దేవుడిచ్చిన వరం. మనం నడిచిన అడుగులన్నీ అందులో వుంటాయి. పోయిందనుకున్న చోటుకు మళ్లీ వెళ్లవచ్చు. అయితే ఒక్క షరతు. ఎప్పుడో ఒకప్పుడు 'కమిట్' చేసి వుండాలి. అసలు దాచనిదాన్ని ఏ గిట్టూ తిరిగి ఇవ్వలేదు. సాయంత్రం ఇంటికి వెళ్లేముందు కమిట్ చేయడం గల్లాపెట్టెకు తాళం వేయడంతో సమానం.

తెలుగు సైటయితే ఇంకొంచెం జాగ్రత్త

తెలుగులో సైట్లు కట్టేవారికి వేరే తంటాలున్నాయి. 'తెలుగు' అన్న మాటలో మన కంటికి మూడక్షరాలు. కంప్యూటరుకు అవి ఆరు. గుణింతపు గుర్తులను అది విడిగా లెక్కపెడుతుంది. దాచేటప్పుడు ఒక్కొక్కదానికి మూడు బైట్ల చొప్పున 18 బైట్లు. నమ్మకం లేకపోతే 'ప్రింట్‌ఎఫ్'తో ఆ మాటను పంపి, నిలువుగీత పెట్టి, 'డబ్ల్యూసీ'తో కొలవండి. అడ్డగీత 'సి' ఇస్తే 18 అంటుంది. అడ్డగీత 'ఎం' ఇస్తే, యంత్రం యూటీఎఫ్-8 అమరికలో వుంటే, 6 అంటుంది.

ఇంతకీ ఈ యూటీఎఫ్-8 పద్ధతిని 1992లో న్యూజెర్సీలో ఓ భోజనశాల బల్ల మీద పరిచిన కాగితంపై గీసిన ఇద్దరిలో ఒకరు ఆ కెన్ థాంప్సనే. రెండోవారు రాబ్ పైక్.

ఈ లెక్క తెలియక వార్త శీర్షికను ఇరవై అక్షరాలకు కత్తిరిస్తే, ఏ వత్తు మధ్యలోనో కత్తి పడి మాట విరిగిపోతుంది. ఇప్పటి బ్రౌజర్లలో జావాస్క్రిప్టుకు 'ఇంటల్ సెగ్మెంటర్' అనే సాధనం వుంది. కంటికి కనిపించే అక్షరాల చొప్పున విడదీయడానికి దాన్ని వాడాలి. కేవలం చూపుకోసమయితే కత్తిరింపును సీఎస్ఎస్‌కు వదిలేయడం ఉత్తమం. కింద వత్తులు తెగిపోకుండా వరుసల మధ్య ఎడం ఇంగ్లీషుకన్నా ఎక్కువ వుంచాలి. పేజీ మొదట్లో యూటీఎఫ్-8 అని, భాష 'టీఈ' అని చెప్పడం మరవరాదు. పాత మైఎస్‌క్యూఎల్‌లో 'యూటీఎఫ్8' అన్న పేరు మూడు బైట్లకే సరిపోతుంది. తెలుగు దాంట్లో ఇముడుతుంది గానీ కొనేవారు పెట్టే నవ్వు బొమ్మ ఇమడదు. అందుకని 'యూటీఎఫ్8ఎంబీ4' ఎంచుకోవాలి.

ధరలు చూపేటప్పుడు అంకెకు 'టు లొకేల్ స్ట్రింగ్' తగిలించి, లోపల 'ఈఎన్-ఐఎన్' అని ఇస్తే కామాలు మన పద్ధతిలో, లక్షలు కోట్ల లెక్కన పడతాయి. 1,000,000 అని కాక 10,00,000 అని కనిపిస్తే మన దుకాణదారుకు మనసు కుదుటపడుతుంది.

పెద్ద సంస్థలకు కూడా తెలుగు పరీక్ష పెట్టిన రోజులున్నాయి. 2018 ఫిబ్రవరిలో జకారానికి ఞకారం వత్తు వున్న ఒక తెలుగు అక్షరాన్ని, మధ్యలో కంటికి కనిపించని గుర్తుతో సందేశంలో పంపితే ఐఫోనులోని యాప్‌లు కుప్పకూలాయి. యాపిల్ సంస్థ ఆ నెల 19న సవరణ విడుదల చేయవలసి వచ్చింది.

చేతిరాత పుస్తకం

ఆజ్ఞలను వాట్సాప్‌లో ఒకరికొకరు పంపుకోవడం నేటి అలవాటు. అక్కడ మాటకు అటూ ఇటూ వున్న నక్షత్రం గుర్తులు మాయమై అక్షరాలు లావుగా కనిపిస్తాయి. చూసి టైపు చేసేవాడు తప్పుతాడు. వర్డ్‌లో దాచుకుంటే కొటేషన్ గుర్తులు వంకరవుతాయి, అడ్డగీత పొడుగవుతుంది. యంత్రం ఒప్పుకోదు. ఆజ్ఞలను ఎప్పుడూ సాదా టెక్స్టు ఫైల్లోనే దాచాలి. ఎక్కడో కనిపించిన వరుసను నేరుగా నల్లతెరలో అతికించరాదు. ముందు నోట్‌ప్యాడులో అతికించి, ఒక్కొక్క మాట ఏం చేస్తుందో చదివి, ఆ తర్వాతే కొట్టాలి. తెలియని మాట వుంటే 'మ్యాన్' అని దాని ముందు కొడితే వివరమంతా తెర మీదకు వస్తుంది.

ఒకసారి కొట్టిన ఆజ్ఞ గుర్తు లేకపోతే కంట్రోల్, 'ఆర్' కలిపి నొక్కి అందులో ఒక ముక్క టైపు చేస్తే అది తిరిగి వస్తుంది. కానీ ఏ రోజు ఏం పాడయింది, దేనితో బాగయింది అన్నది ఏ యంత్రమూ గుర్తుంచుకోదు. అది మనమే రాసుకోవాలి. తేదీ వేసి, రెండే రెండు వరుసలు. మన కరణాలు చిట్టా రాసినట్టు. ఏడాది తిరిగేసరికి ఆ పుస్తకం ఏ కోర్సులోనూ చెప్పని పాఠాల మూట అవుతుంది. కొత్తగా చేరిన తమ్ముడికి అప్పగించడానికి అంతకంటే మంచి ఆస్తి లేదు.

మళ్లీ ఆ చీరల దుకాణానికి వద్దాం. కర్ల్ 500 అంది. డీఎఫ్ 100 శాతం అంది. డీయూ చిట్టాను పట్టిచ్చింది. ట్రంకేట్ జాగా ఇచ్చింది. కర్ల్ మళ్లీ కొడితే 200. పది నిమిషాలయినా పట్టలేదు. "వచ్చేసింది నాయనా!" అన్నాడు యజమాని ఫోనులో. కుర్రవాడు మాత్రం వెంటనే నిద్రపోలేదు. పుస్తకం తీసి తేదీ వేశాడు. కింద రెండు వరుసలు రాశాడు: డిస్కు నిండింది. రేపు లాగ్‌రొటేట్ పెట్టాలి.

మర్నాడు నిజంగా పెట్టాడంటే, దీపావళికి ఆ ఫోను మోగదు.